లాంబ్డా ఫంక్షన్లలో రిక్వెస్ట్ ట్రేసింగ్: అన్ని ఫంక్షన్లకీ ఒకే మిడిల్‌వేర్ ఎలా పెట్టుకోవాలి?

నూజివీడు_రసం

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది పార్సిల్ బుకింగ్ ఆప్, డెవలపర్లం నలుగురమే. ఏడాదంతా ఒక ఎత్తు, ఏప్రిల్ మే నెలలు ఒక ఎత్తు మాకు, బంగినపల్లి, రసాలు పెట్టెలకి పెట్టెలు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్తాయి. బ్యాకెండ్ మొత్తం ఏడబ్ల్యూఎస్ లాంబ్డా (సర్వర్ మనం చూసుకోకుండా, ఈవెంట్ వచ్చినప్పుడు మన కోడ్‌ని నడిపే సర్వీస్), నోడ్‌లో రాశాం, ముంబై రీజియన్. బుకింగ్ ఏపీఐ ఒక ఫంక్షన్, డబ్బులు పడ్డాక వచ్చే వెబ్‌హుక్ (పేమెంట్ వాళ్ళు మా సర్వర్‌కి పంపే కబురు) ఒక ఫంక్షన్, అది ఎస్‌ఎన్‌ఎస్ (మెసేజ్‌ని పంచిపెట్టే ఏడబ్ల్యూఎస్ సర్వీస్) టాపిక్‌లో వేస్తుంది, అక్కడ్నుంచి ఎస్‌క్యూఎస్ (మెసేజ్‌లని వరసలో ఉంచే సర్వీస్) క్యూ, ఆ క్యూ మీద లేబుల్ ఫంక్షన్, అది ఇంకో క్యూలో వేస్తే ఎస్ఎమ్ఎస్ ఫంక్షన్. ఇవీ అవీ కలిపి 11 ఫంక్షన్లు.

సమస్య ఏంటంటే కొంతమంది కస్టమర్లకి ఒకే బుకింగ్‌కి ఎస్ఎమ్ఎస్ రెండు సార్లు, ఒక్కోసారి మూడు సార్లు వెళ్తోంది, లేబుల్ కూడా రెండేసి ప్రింట్ అవుతున్నాయి. గోడౌన్‌లో కుర్రాళ్ళు రెండో లేబుల్‌కి పెట్టె ఎక్కడా అని వెతుక్కుంటున్నారు. నిన్న చెన్నై నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి నేను రెండు పెట్టెలకి డబ్బు కట్టానా బాబూ అని కంగారు పడ్డారు. రాత్రి 9కి కూర్చుంటే 1 దాటింది, ఒక్క బుకింగ్ జాడ పూర్తిగా పట్టుకోలేకపోయాను. ప్రతి ఫంక్షన్‌కీ దాని రిక్వెస్ట్ ఐడీ దానిదే, ఒకదానికీ ఇంకోదానికీ లంకె లేదు. కొన్ని ఫంక్షన్లలో ఆర్డర్ నంబర్ లాగ్ చేశాం కొన్నిట్లో చేయలేదు, చేసిన చోట కూడా నలుగురం నాలుగు పేర్లతో రాశాం.

ఎక్స్‌రే (రిక్వెస్ట్ ఏ దారిన వెళ్ళిందో చూపించే ఏడబ్ల్యూఎస్ టూల్) ఆన్ చేసే ఉంది కానీ నాకు కావాల్సిన రిక్వెస్టే అందులో ఉండదు, ఉన్నవి కూడా క్యూ దాటాక వేరే ట్రేస్‌గా కనిపిస్తున్నాయి.

11 ఫంక్షన్లలో 11 సార్లు రాయకుండా ఒక్క మిడిల్‌వేర్ (అసలు పనికి ముందూ వెనకా నడిచే ఉమ్మడి కోడ్) రాసి అన్నిటికీ తగిలించాలి. అందులో ఏమేం ఉండాలి, మీరెలా చేస్తున్నారు చెప్పండి.

---

ఓరుగల్లు_ఓపీఎస్

తమ్ముడూ, ముందుగాల ఎక్స్‌రేల నీ రిక్వెస్ట్ ఎందుకు దొరుకుతలేదో చెప్తా. లాంబ్డాకు ఎక్స్‌రే సెకనుకు మొదటి ఒక్క రిక్వెస్ట్ పక్కా పట్టుకుంటది, ఆపైన వచ్చేటియి నూటికి 5 మాత్రమే. నీ సీజన్‌ల సెకనుకు ఇరవై ముప్పై వస్తే అండ్ల ఎన్ని మిగుల్తయో లెక్క చూసుకో. స్లో ఎక్కడయితున్నదో తెలుసుకోనీకి అది మస్తు పనికొస్తది, కానీ ఫోన్ చేసిన పెద్దాయన బుకింగే అండ్ల ఉండాల్నంటే కష్టం.

అందుకే రెండు వేరే వేరే పనులని మనసుల పెట్టుకో. ఒకటి కోరిలేషన్ ఐడీ, అంటే ఒక రిక్వెస్ట్‌కు ఒక నంబర్, అది మొదట్నుంచి చివరిదాకా ప్రతి లాగ్ లైన్‌ల ఉండాలె, నూటికి నూరు రిక్వెస్టులకు. రెండోది ట్రేసింగ్, ఏ అడుగు ఎన్ని మిల్లీసెకండ్లు పట్టిందో చూపెట్టేది, దీనికి శాంపిలింగ్ (కొన్నిటినే పట్టుకునుడు) ఉన్నా నడుస్తది. నువ్వు ఇప్పుడు పడుతున్న బాధ మొదటిదానిది. దాన్ని ముందు సరిజెయ్యి.

ఇంకోటి, నీ దగ్గర లాంబ్డా ఇచ్చే రిక్వెస్ట్ ఐడీ మీద ఆశ పెట్టుకోకు. అసింక్‌గ (జవాబు కోసం ఆగకుండ) పిలిచిన ఫంక్షన్ ఫెయిలయి లాంబ్డానే మళ్ల నడిపిస్తే అదే ఐడీ వస్తది, కానీ క్యూ నుంచి అదే మెసేజ్ మళ్ల వస్తే కొత్త ఐడీ వస్తది. క్యూల మారకుండ ఉండేది మెసేజ్ ఐడీ ఒక్కటే.

---

కాకినాడ_కాజా

మేము రెండేళ్ళ నుంచి ఇదే పద్ధతిలో ఉన్నామండి, నోడ్‌లోనే, మిడీ వాడి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మిడీ అంటే లాంబ్డా హ్యాండ్లర్ (ఈవెంట్ వచ్చినప్పుడు లాంబ్డా పిలిచే మన కోడ్) చుట్టూ ఉల్లిపాయ పొరల్లా మిడిల్‌వేర్లు చుట్టే లైబ్రరీ. లోపలికి వెళ్ళేటప్పుడు బిఫోర్ హుక్‌లు మీరు రాసిన వరసలో నడుస్తాయి, బయటికి వచ్చేటప్పుడు ఆఫ్టర్ హుక్‌లు వెనక నుంచి ముందుకి నడుస్తాయి, మధ్యలో ఎర్రర్ వస్తే ఆన్‌ఎర్రర్.

ఇక్కడ వరస చాలా ముఖ్యమండి. ట్రేస్ మిడిల్‌వేర్ అన్నిటికంటే బయటి పొర అవ్వాలి, అంటే అందరికంటే ముందు రాయాలి. మా టీమ్‌లో కొత్తగా వచ్చిన అబ్బాయి జేసన్ బాడీ పార్సర్‌ని ముందు పెట్టి ట్రేస్‌ని తర్వాత పెట్టాడు, ఎవరో పాడైన బాడీ పంపితే పార్సర్ దగ్గరే ఆగిపోయింది, ఎర్రర్ లాగ్‌లో ఐడీ లేదు. ఐడీ నిజంగా కావాల్సింది అలాంటి రిక్వెస్ట్‌కే కదండీ.

మా మిడిల్‌వేర్ చేసే పని ఇంతే. వచ్చిన ఈవెంట్ ఏ రకందో చూస్తుంది, ఏపీఐ గేట్‌వేదైతే హెడర్లో ఐడీ ఉందా చూస్తుంది, ఉంటే అది తీసుకుంటుంది, లేకపోతే కొత్తది పుట్టిస్తుంది. ఆ ఐడీని లాగర్‌కి ఇస్తుంది. మొదలైంది అని ఒక లైను, అయిపోయింది ఇన్ని మిల్లీసెకండ్లు పట్టింది అని ఒక లైను రాస్తుంది. ఎర్రర్ అయితే దాని పేరూ స్టాకూ. తిరిగి వెళ్ళే రెస్పాన్స్ హెడర్లో కూడా అదే ఐడీ పెడుతుంది, దాంతో ఆప్‌లో ఎర్రర్ స్క్రీన్ మీద ఆ నంబరు చూపిస్తే కస్టమర్ కేర్ వాళ్ళకి పని సులువు.

హెడర్ పేరు వెతికేటప్పుడు చిన్న అక్షరాలు పెద్ద అక్షరాలు చూసుకోండి. గేట్‌వేలో హెచ్‌టీటీపీ ఏపీఐ అయితే అన్నీ చిన్న అక్షరాల్లో ఇస్తుంది, రెస్ట్ ఏపీఐ అయితే క్లయింట్ ఎలా పంపితే అలానే ఇస్తుంది. ముందు అన్నీ చిన్నవి చేసేసి వెతకడం నయం.

---

నూజివీడు_రసం

ఓరుగల్లు అన్నా, కాజా గారూ, చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే ఒక చిన్న ప్యాకేజీ రాశాను, ఫైల్ పైభాగంలో ప్రస్తుత ఐడీ అని ఒక వేరియబుల్, బిఫోర్‌లో అందులో పెడతాను, లాగర్ దాన్ని చదువుకుంటుంది. బుకింగ్ ఏపీఐలో, వెబ్‌హుక్‌లో చక్కగా వస్తోంది.

లేబుల్ ఫంక్షన్‌కి తగిలించాక మాత్రం వింతగా ఉంది. ఒకే రన్‌లో పది బుకింగులు ప్రాసెస్ అవుతుంటే లాగ్‌లో పదింటికీ ఒకే ఐడీ చూపిస్తోంది, అదీ చివరి బుకింగ్ ఐడీ. లోకల్‌లో ఒక్కో మెసేజ్‌తో టెస్ట్ చేసినప్పుడు బాగానే ఉంది. ఎక్కడ తప్పు?

---

సీమ_కోడర్

ఆ పైభాగంలో పెట్టిన వేరియబులే తప్పు. నువ్వు పది రికార్డులను (క్యూ నుంచి వచ్చిన మెసేజ్‌లను) ప్రామిస్ ఆల్‌లో, అంటే అన్నీ ఒకేసారి నడిచేటట్లు, వేసినావు కదా? మొదటి రికార్డు ఐడీ పెట్టి డేటాబేస్‌కు పోయి ఎదురుచూస్తా ఉంటుంది, అంతలో రెండోది వచ్చి దాని ఐడీ పెడుతుంది, మూడోది వచ్చి దానిది పెడుతుంది. మొదటిది తిరిగొచ్చి లాగ్ రాసేటప్పటికి వేరియబుల్లో ఉండేది పదోదాని ఐడీ.

ఇంకా దీంట్లో కనపడని ప్రమాదం ఒకటి ఉంది. లాంబ్డా కంటైనర్ వేడిగా ఉంటే, అంటే ముందు రిక్వెస్ట్‌కు వాడిందే మళ్ళీ వాడితే, ఫైల్ పైభాగంలో ఉండే వేరియబుల్ అట్లనే బతికి ఉంటుంది. తర్వాత వచ్చే ఈవెంట్‌లో ఐడీ లేకపోయి, నీ కోడ్ కొత్తది పుట్టించడం ఒక్క దారిలో మర్చిపోయినా, ముందు కస్టమర్ ఐడీ ఈ కస్టమర్ లాగ్ మీద పడుతుంది. మా దగ్గర ఇట్లనే జరిగి రెండు దినాలు సంబంధం లేని కస్టమర్ అకౌంట్ తవ్వినాం. ఐడీ లేకపోవడం కన్నా తప్పు ఐడీ ఉండటం ఎక్కువ నష్టం, ఎందుకంటే లేకపోతే లేదని తెలుస్తుంది, తప్పుదైతే నమ్మేస్తాం.

నోడ్‌లో దీనికి అసింక్ లోకల్ స్టోరేజ్ అని ఉంది, నోడ్ 12.17 నుంచే ఉంది. దాని రన్ అనే ఫంక్షన్‌కు ఒక డబ్బా ఇచ్చి, నీ పనిని దాని లోపల పిలిస్తే, ఆ పని ఎన్ని అవెయిట్లు దాటినా ఎవరి డబ్బా వాళ్ళకే కనపడుతుంది. కాబట్టి క్యూ ఫంక్షన్లకు రెండు పొరలు కావాలి. బయటి పొర ఇన్వొకేషన్‌కు (ఫంక్షన్ ఒక్కసారి నడిచేదానికి), దాంట్లో లాంబ్డా రిక్వెస్ట్ ఐడీ, బ్యాచ్‌లో ఎన్ని రికార్డులు అనేది. లోపలి పొర ఒక్కో రికార్డుకు, దాంట్లో ఆ రికార్డు మోసుకొచ్చిన ట్రేస్ ఐడీ, మెసేజ్ ఐడీ, ఎన్నోసారి వచ్చింది అనే లెక్క. ఆ లెక్క ఎస్‌క్యూఎస్ ప్రతి రికార్డు మీదా రాసే ఇస్తుంది, అప్రాక్సిమేట్ రిసీవ్ కౌంట్ అని. దాన్ని తప్పకుండా లాగ్‌లో పెట్టు, నీ ఎస్ఎమ్ఎస్ కథకు అదే జవాబు చెప్తుందని నా నమ్మకం.

---

పైథాన్_పంతులు

పైథాన్ వాళ్ళు కూడా ఈ థ్రెడ్ చూస్తారు కాబట్టి ఒక మాట. మనకి ఇదే పని కాంటెక్స్ట్‌వార్స్ చేస్తుంది, 3.7 నుంచి ఉంది. డెకరేటర్ రాసి హ్యాండ్లర్ నెత్తిన పెడితే సరిపోతుంది. ఏడబ్ల్యూఎస్ వాళ్ళ పవర్‌టూల్స్‌లో లాగర్, ట్రేసర్, బ్యాచ్ ప్రాసెసర్ అన్నీ డెకరేటర్లుగా రెడీగా ఉన్నాయి, కోరిలేషన్ ఐడీ ఈవెంట్‌లో ఏ దారిలో ఉందో చెప్తే లాగర్ తీసుకుంటుంది. సొంతంగా రాసే ముందు అది ఒకసారి చూడండి, నోడ్ వాళ్ళకి టైప్‌స్క్రిప్ట్‌లో కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త: థ్రెడ్ పూల్ వాడి రికార్డులు పంచితే కాంటెక్స్ట్‌వార్స్ విలువలు మామూలుగా కొత్త థ్రెడ్‌లోకి వాటంతటవి రావు. కాంటెక్స్ట్ కాపీ తీసుకుని దాని రన్ ద్వారానే పని అప్పగించాలి. నాకు ఇది తెలిసేసరికి లాగ్‌లో సగం లైన్లకి ఐడీ ఖాళీగా ఉంది.

---

నూజివీడు_రసం

సీమ అన్నా, అసింక్ లోకల్ స్టోరేజ్ పెట్టాను, అద్భుతంగా పని చేస్తోంది లోపలి పొరలో. కానీ బయటి పొరని మిడీ బిఫోర్‌లో పెడదామంటే కుదరట్లేదు, రన్‌కి ఇచ్చిన కాల్‌బ్యాక్ అయిపోగానే డబ్బా పోతోంది, హ్యాండ్లర్ దాకా రావట్లేదు.

ఇంకోటి, వెబ్‌హుక్ ఫంక్షన్ ఎస్‌ఎన్‌ఎస్‌లో వేసేటప్పుడు మెసేజ్ ఆట్రిబ్యూట్‌గా ఐడీ పెట్టాను, లేబుల్ ఫంక్షన్‌లో చూస్తే రికార్డు ఆట్రిబ్యూట్లు ఖాళీ!

---

కాకినాడ_కాజా

మొదటిది నేను చెప్తానండి. బిఫోర్ హుక్ అనేది తన పని చేసి తిరిగి వచ్చేస్తుంది, హ్యాండ్లర్ దాని కడుపులో నడవదు. రన్‌కేమో పని దాని కడుపులోనే జరగాలి. అందుకే ఈ ఒక్కదానికి మిడీ హుక్ వదిలేసి మామూలు చుట్టుడు ఫంక్షన్ రాసుకోండి, హ్యాండ్లర్‌ని తీసుకుని కొత్త హ్యాండ్లర్‌ని తిరిగిచ్చేది. మిడీతో చుట్టిన మొత్తాన్ని దీని లోపల పెట్టండి. అప్పుడు పార్సర్, వాలిడేటర్, ఎర్రర్ హ్యాండ్లర్ అన్నీ ఆ డబ్బా లోపలే నడుస్తాయి, వరస తప్పుతుందన్న భయం కూడా ఉండదు. మేమూ చివరికి ఇలాగే మార్చుకున్నామండి.

---

ఓరుగల్లు_ఓపీఎస్

రెండోది నేను చెప్తా. ఎస్‌ఎన్‌ఎస్ నుంచి క్యూకు పోయేటప్పుడు రా మెసేజ్ డెలివరీ అని సబ్‌స్క్రిప్షన్‌ల ఒక సెట్టింగ్ ఉంటది. అది ఆఫ్ ఉంటే ఎస్‌ఎన్‌ఎస్ నీ మెసేజ్‌ను ఒక కవర్ల పెట్టి పంపుతది, నీ ఆట్రిబ్యూట్లు ఆ కవర్ లోపట బాడీ జేసన్‌ల ఉంటయి, రికార్డు మీద ఉండయి. అది ఆన్ చేస్తే ఆట్రిబ్యూట్లు నేరుగ రికార్డు మీదికి వస్తయి, కానీ అప్పుడు 10 ఆట్రిబ్యూట్లు దాటకుండ చూసుకో, దాటితే ఆ మెసేజ్ క్యూకు చేరదు. నీ మిడిల్‌వేర్ రెండు చోట్ల వెతికితే ఎవరు సెట్టింగ్ మార్చినా బతుకుతవ్.

అసలు నేను ఎప్పుడూ అనేది ఒక్కటే, ట్రేసింగ్ తెగేది ఫంక్షన్ లోపట కాదు, ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌కు దాటే కాడ. అందరు లోపలికొచ్చే ఈవెంట్‌కే మిడిల్‌వేర్ రాస్తరు, బయటికి పంపే వైపు మర్చిపోతరు. పంపేటియి కూడా మీ ప్యాకేజీల నుంచే పోవాలె. ఎస్‌ఎన్‌ఎస్‌కు పంపు, క్యూకు పంపు, బయటి ఏపీఐని పిలువు అని మూడు చిన్న ఫంక్షన్లు పెట్టుకో, అవే స్టోరేజ్‌ల నుంచి ఐడీ తీసి అంటిస్తయి. టీమ్‌ల ఎవరు నేరుగ ఏడబ్ల్యూఎస్ లైబ్రరీని (ఎస్‌డీకే) పిలిచినా కోడ్ రివ్యూల ఆపేయాలె.

ఒక్కో కాడ ఒక్కో తీరు. హెచ్‌టీటీపీకి హెడర్, క్యూకు ఆట్రిబ్యూట్, ఈవెంట్‌బ్రిడ్జ్‌కు (ఈవెంట్లు పంచే సర్వీస్) డీటెయిల్ లోపట పెట్టుకోవాలె, స్టెప్ ఫంక్షన్స్‌కు (పనులను అడుగు అడుగుగ నడిపే సర్వీస్) ఇన్‌పుట్‌ల. డైనమోడీబీ స్ట్రీమ్‌కు (ఆ డేటాబేస్‌ల ఏది మారినా కబురు పంపేది) హెడర్లు అసలే లెవ్వు, అందుకని ఐటమ్‌ల ఒక ఫీల్డుగ రాస్తేనే స్ట్రీమ్ ఫంక్షన్‌కు చేరుతది.

---

డల్లాస్_రాత్రులు

ఇక్కడ రాత్రి అయింది, ఇప్పుడే చూశా థ్రెడ్. ఇప్పటిదాకా చెప్పిందంతా కరెక్ట్, నేను ఒక్కటి కలుపుతా. ఐడీకి సొంత ఫార్మాట్ కనిపెట్టకండి. డబ్ల్యూ3సీ వాళ్ళ ట్రేస్ కాంటెక్స్ట్ స్టాండర్డ్ 2020 నుంచి ఉంది, ట్రేస్‌పేరెంట్ అని ఒక హెడర్, అందులో రెండు అక్షరాల వెర్షన్, 32 హెక్స్ అక్షరాల ట్రేస్ ఐడీ, 16 అక్షరాల పేరెంట్ ఐడీ, చివర రెండు అక్షరాల ఫ్లాగులు, మధ్యలో అడ్డగీతలు. ఈ రోజు మీరు లాగ్‌లో ఐడీ మాత్రమే వాడినా, రేపు ఓపెన్‌టెలిమెట్రీ (ట్రేసింగ్‌కి వాడే ఓపెన్‌సోర్స్ టూల్స్) పెడితే అదే ఐడీ అలాగే పనికొస్తుంది. సొంతగా పేరు, డాష్, తేదీ కలిపి ఐడీలు చేసినవాళ్ళు తర్వాత మార్చడానికి నెలలు పడ్డారు, నేను దగ్గరుండి చూశాను.

ఈ ఆలోచన మొదట్నుంచీ అదే, గూగుల్ వాళ్ళు 2010లో డాపర్ అనే తమ ట్రేసింగ్ సిస్టమ్ గురించి పేపర్ రాశారు, అందులోనూ ముఖ్యమైన విషయం ఇదే, అప్లికేషన్ రాసేవాడిని ఏమీ అడక్కుండా అందరూ వాడే ఉమ్మడి లైబ్రరీల్లోనే ట్రేసింగ్ పెట్టేయడం. ఓరుగల్లు అన్న చెప్పిన పంపే ఫంక్షన్లు సరిగ్గా అవే.

ఓపెన్‌టెలిమెట్రీ పెట్టేవాళ్ళు లాంబ్డాలో ఒకటి మర్చిపోవద్దు. మామూలు సర్వర్‌లో స్పాన్లు (ఒక్కో అడుగుకి ఎంత టైము పట్టిందో రాసిన రికార్డులు) కొన్ని పోగయ్యాక బ్యాచ్‌గా పంపుతుంది. లాంబ్డాలో రెస్పాన్స్ ఇవ్వగానే ఎన్విరాన్‌మెంట్‌ని గడ్డ కట్టించేస్తారు, పోగైన స్పాన్లు అక్కడే ఉండిపోతాయి, మళ్ళీ ఎప్పుడో రిక్వెస్ట్ వస్తే లేస్తాయి, రాకపోతే పోతాయి. మీ చుట్టుడు ఫంక్షన్ చివర ఫైనల్లీ బ్లాక్‌లో ఫోర్స్ ఫ్లష్‌ని పిలిచి దానికోసం ఆగాలి. ఆ ఆగే టైము కస్టమర్ భరిస్తాడు కాబట్టి ఏపీఐ ఫంక్షన్లలో కొలిచి చూసుకోండి.

లాగ్ టైమ్ యూటీసీలో ఉంచండి, మన టైముకి ఐదున్నర గంటలు వెనక. కస్టమర్ 9:10కి అంటే మీరు 3:40 దగ్గర వెతకాలి. ఐడీ ఉంటే ఈ లెక్కల గోలే ఉండదనుకోండి.

---

బెజవాడ_బిట్స్

డల్లాస్ అన్నా, ఫార్మాట్ విషయం ఒప్పుకుంటా. కానీ నలుగురున్న టీమ్‌కి, సీజన్ మధ్యలో, ఓపెన్‌టెలిమెట్రీ మొత్తం పెట్టమనడం నాకు ఒప్పుదల లేదు. దాని లేయర్ (ఫంక్షన్‌కి విడిగా తగిలించే కోడ్ మూట) తగిలిస్తే కోల్డ్ స్టార్ట్ (కొత్తగా లేచే ఫంక్షన్ సిద్ధమవడానికి పట్టే టైము) పెరుగుతుంది, వెబ్‌హుక్ లాంటి చోట పేమెంట్ వాళ్ళు కొన్ని సెకన్లలో జవాబు రాకపోతే మళ్ళీ పంపుతారు, అది ఇంకో డూప్లికేట్. ముందు లాగ్‌లో ఐడీ, అది గట్టిపడ్డాక మిగతాది.

ప్యాకేజీని ఎలా పంచుకోవాలో ఎవరూ చెప్పలేదు. లేయర్‌గా పెడితే ఒక్కసారి మారిస్తే అన్నిటికీ మారిపోతుందని చాలామంది అనుకుంటారు, మారదు. ప్రతి ఫంక్షన్ ఒక నిర్దిష్టమైన లేయర్ వెర్షన్‌ని పట్టుకుని ఉంటుంది, కొత్తది రావాలంటే ఆ ఫంక్షన్‌ని అప్‌డేట్ చేయాల్సిందే. ఒక ఫంక్షన్‌కి 5 లేయర్లు మించి పెట్టలేం. పైగా లోకల్‌లో టెస్టులు నడపడానికి లేయర్ ఇబ్బంది. మామూలు ప్రైవేట్ ఎన్‌పీఎమ్ ప్యాకేజీ చేసుకుని బండిల్ చేసుకోండి, ఏ ఫంక్షన్ ఏ వెర్షన్‌లో ఉందో ఆ ఫైల్‌లోనే కనిపిస్తుంది. ఆ వెర్షన్ నంబర్ని కూడా మొదటి లాగ్ లైన్లో రాయించండి.

---

డల్లాస్_రాత్రులు

సీజన్ మధ్యలో వద్దు, అది నిజమే. నేను రేపటి సంగతి చెప్పా. ఫార్మాట్ మాత్రం ఈ రోజే సరిగ్గా పెట్టుకోమంటున్నా, దానికి ఖర్చేం లేదు.

---

కాకినాడ_కాజా

రెండు జాగ్రత్తలు చెప్పి వెళ్తానండి, ఇవి మర్చిపోతే తర్వాత బాధపడతారు.

బయట నుంచి వచ్చిన ఐడీని గుడ్డిగా నమ్మకండి. ఎవరైనా ఆ హెడర్లో పేజీలకి పేజీలు చెత్త పంపినా మీ లాగ్‌లో అలాగే పడుతుంది. 32 హెక్స్ అక్షరాలు ఉన్నాయా, అన్నీ సున్నాలు కాదు కదా అని చూసి, తేడాగా ఉంటే పారేసి కొత్తది పుట్టించండి.

రెండోది, మిడిల్‌వేర్‌లో ఈవెంట్ మొత్తాన్ని లాగ్ చేయకండి. చేయడం తేలికే, ఒక్క లైను. కానీ అందులో కస్టమర్ ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్, లాగిన్ టోకెన్ అన్నీ ఉంటాయి. క్లౌడ్‌వాచ్‌లో (ఏడబ్ల్యూఎస్‌లో లాగ్‌లు దాచే చోటు) లాగ్ గ్రూప్‌కి మీరు గడువు పెట్టకపోతే ఎప్పటికీ చెరిపేయదు, అంటే ఆ నంబర్లన్నీ అలా ఉండిపోతాయి, బిల్లూ పెరుగుతుంది. ఏ ఫీల్డులు రాయాలో పేర్లు ఇచ్చి అవి మాత్రమే రాయించండి. ఇది ఒక్క చోట రాస్తే 11 ఫంక్షన్లకీ వర్తిస్తుంది, మిడిల్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది అదేనండి.

---

సీమ_కోడర్

టైమౌట్ కూడా చెప్పాల. ఫంక్షన్ టైమౌట్ అయితే లాంబ్డా ఉన్నపళంగా ఆపేస్తుంది, ఆఫ్టర్ నడవదు, ఆన్‌ఎర్రర్ నడవదు, ఫైనల్లీ కూడా నడవదు. అందుకే మొదలైంది అనే లైన్‌లో ఐడీ రాయడం తప్పనిసరి. కాంటెక్స్ట్‌లో ఇంకా ఎన్ని మిల్లీసెకండ్లు మిగిలినాయో చెప్పే ఫంక్షన్ ఉంటుంది, దాన్ని చూసి అర సెకను ముందు మోగేటట్లు ఒక టైమర్ పెట్టు, అది ఏ రికార్డులు ఇంకా అయిపోలేదో ఐడీలతో రాసేస్తుంది. పని అయిపోతే ఆ టైమర్‌ను తీసేయడం మర్చిపోవద్దు.

---

నూజివీడు_రసం

దొరికింది!!! అందరికీ చేతులెత్తి దండం.

నిన్న సాయంత్రం రెండు పొరలూ పెట్టి పంపించాను, రిసీవ్ కౌంట్ కూడా లాగ్‌లో. ఇవాళ పొద్దున ఒక కస్టమర్‌కి రెండు ఎస్ఎమ్ఎస్‌లు వెళ్ళాయి, ఆయన ట్రేస్ ఐడీ తీసుకుని లాగ్స్ ఇన్‌సైట్స్‌లో (క్లౌడ్‌వాచ్‌లో లాగ్‌లు వెతికే టూల్) వేస్తే వెబ్‌హుక్ నుంచి లేబుల్ దాకా ఒకే చోట వరసగా వచ్చేసింది, రెండు నిమిషాల పని. లేబుల్ ఫంక్షన్‌లో ఆయన మెసేజ్ రిసీవ్ కౌంట్ 1 అని ఒకసారి, మళ్ళీ కాసేపటికి 2 అని ఒకసారి ఉంది. మొదటిసారి కూడా ఆయన లేబుల్ బాగానే తయారైంది, ఎర్రర్ ఏం లేదు! అప్పుడు ఆ ఇన్వొకేషన్ ఐడీ పట్టుకుని చూస్తే అదే బ్యాచ్‌లో ఇంకో బుకింగ్ పడిపోయింది. పిన్‌కోడ్ మధ్యలో స్పేస్ పెట్టి టైప్ చేశారు ఆ కస్టమర్, మా లేబుల్ కోడ్ ఆరు అంకెలే కావాలని ఎర్రర్ విసిరింది.

ఆ ఒక్కటి పడిపోవడంతో పది మెసేజ్‌లూ క్యూలోకి తిరిగి వెళ్ళాయి. బాగున్న తొమ్మిది మళ్ళీ వచ్చాయి, మళ్ళీ లేబుల్, మళ్ళీ ఎస్ఎమ్ఎస్. రెండోసారి ఆ పాడైన దానితో కాకుండా వేరే బ్యాచ్‌లో పడ్డవాళ్ళకి రెండు ఎస్ఎమ్ఎస్‌లు, మళ్ళీ దానితోనే పడ్డవాళ్ళకి మూడు. మా క్యూలో మూడు సార్లు అయ్యాక డెడ్ లెటర్ క్యూకి (పదే పదే పడిపోయిన మెసేజ్‌లని పక్కన పెట్టే క్యూ) వెళ్ళేలా పెట్టాం, అందుకే మూడు దాటలేదు. డెడ్ లెటర్ క్యూ తెరిచి చూస్తే ఏ తప్పూ లేని బుకింగులు కూడా నాలుగు ఉన్నాయి, వాటి పెట్టెలు వెళ్ళాయో లేదో ఇప్పుడే ఒక్కొక్కటీ సరిచూస్తున్నాం.

మొదట నేను పదింటికీ ఒకే ఐడీ చూపించే కోడ్ పెట్టాను కదా, అదే ఉంచేసి ఉంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

ఇప్పుడు పిన్‌కోడ్ స్పేస్ తీసేస్తున్నా, పడిపోయిన వాటినే తిరిగి పంపేలా పార్షియల్ బ్యాచ్ రెస్పాన్స్ పెడుతున్నా. ఇంకేమైనా చూసుకోవాలా?

---

సీమ_కోడర్

సంతోషం తమ్ముడూ. మూడు చూసుకో.

పార్షియల్ బ్యాచ్ రెస్పాన్స్ కోడ్‌లో రాస్తే చాలదు, క్యూకు ఫంక్షన్‌కు మధ్య ఉండే ఈవెంట్ సోర్స్ మ్యాపింగ్‌లో కూడా ఆన్ చేయాల. అది ఆన్ చేయకుండా పడిపోయిన వాటి లిస్టు రిటర్న్ చేసినావంటే లాంబ్డా దాన్ని చూడనే చూడదు, అంతా బాగా అయిపోయిందనుకుని పది మెసేజ్‌లూ చెరిపేస్తుంది. పడిపోయిన బుకింగ్ మాయమవుతుంది. ముందు మ్యాపింగ్ మార్చి, తర్వాత కోడ్ పంపు.

ప్రామిస్ ఆల్ తీసేసి ఆల్ సెటిల్డ్ పెట్టు. ప్రామిస్ ఆల్ ఒకటి పడిపోగానే తిరిగొచ్చేస్తుంది, మిగతావి సగంలో ఉండగానే హ్యాండ్లర్ అయిపోతుంది, అవి గడ్డకట్టి తర్వాతి ఇన్వొకేషన్‌లో లేచి మిగతా సగం పని చేస్తాయి. అప్పుడు లాగ్‌లో లాంబ్డా ఐడీ ఒకటి, ట్రేస్ ఐడీ ఇంకొకటి కనపడి బుర్ర తిరుగుతుంది.

మూడోది, ఇవన్నీ చేసినా స్టాండర్డ్ క్యూ ఒకే మెసేజ్‌ను అప్పుడప్పుడు రెండు సార్లు ఇస్తుంది, అది దాని స్వభావం. కాబట్టి బుకింగ్ నంబర్‌తో, ఈ లేబుల్ ఇదివరకే చేసినామా అని డైనమోడీబీలో కండిషన్ పెట్టి రాయి. ట్రేస్ ఐడీతో మాత్రం చేయొద్దు, పేమెంట్ వాళ్ళు వెబ్‌హుక్ రెండోసారి పంపితే కొత్త ట్రేస్ ఐడీ పుడుతుంది, నీ చెక్ దాటిపోతుంది.

---

పైథాన్_పంతులు

సీమ గారు చివర చెప్పింది బంగారం. రిక్వెస్ట్ ఐడీ వేరు, బిజినెస్ నంబర్ వేరు, రెండూ లాగ్‌లో ఉండాలి. కస్టమర్ బుకింగ్ నంబర్ చెప్తాడు, దానితో వెతికితే ఎన్ని ట్రేస్‌లు పుట్టాయో తెలుస్తుంది.

---

ఓరుగల్లు_ఓపీఎస్

లాగ్‌ల ఫీల్డు పేర్లు గూడ ఈ ప్యాకేజీలనే ఖరారు చెయ్యి తమ్ముడూ, బుకింగ్ నంబర్‌కు ఒక్కటే పేరు, అందరు అదే వాడాలె. డెడ్ లెటర్ క్యూల ఒక్క మెసేజ్ పడ్డా అలారం మోగేటట్టు పెట్టు. నాలుగు బుకింగులు అండ్ల పడి ఉన్నయని నువ్వు తెరిచి చూస్తేనే తెలిసింది గద, అది నీకు ఫోన్‌కు రావాలె.

---

నూజివీడు_రసం

మ్యాపింగ్ ముందు మార్చి, కోడ్ తర్వాత పంపాను. ఆల్ సెటిల్డ్, బుకింగ్ నంబర్ చెక్, అలారం పెట్టేశాం. కావాలని స్పేస్ ఉన్న పిన్‌కోడ్‌తో టెస్ట్ క్యూలో బ్యాచ్ పంపి చూశా, స్పేస్ తీసే కోడ్ ఆపి మరీ. పాడైంది ఒక్కటే తిరిగి వచ్చింది, మిగతా తొమ్మిది ఒక్కసారే అయ్యాయి.

డెడ్ లెటర్ క్యూలో ఉన్న నలుగురిలో ముగ్గురి పెట్టెలు చేరాయి. నాలుగోది గోడౌన్‌లోనే ఉండిపోయింది, మూడు లేబుళ్ళు చూసి డూప్లికేట్ అనుకుని కుర్రాళ్ళు పక్కన పెట్టేశారట. కాయలు మెత్తబడ్డాయి. ఆయనకి నేనే ఫోన్ చేసి చెప్పాను, రేపు పొద్దున కొత్త పెట్టె వెళ్తుంది.

ఎస్ఎమ్ఎస్ ఫంక్షన్, ఇన్వాయిస్ ఫంక్షన్ ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయి, ఈ వారం వాటికి తగిలిస్తా. ఇన్వాయిస్ ఫంక్షన్ డైనమోడీబీ స్ట్రీమ్ మీద నడుస్తుంది, ఐటమ్‌లో ట్రేస్ ఫీల్డు లేదు, పాత ఐటమ్‌లకి ఏం చేయాలో చూడాలి. అది కొత్త థ్రెడ్‌లో అడుగుతా.